ఎంఎస్‌లో కనిపించే వింత లక్షణాలు: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) ఉందని తెలిసిన దగ్గర్నుంచి మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. కాలు లాగడం, చూపు తగ్గడం లాంటివి డాక్టర్లు ఎలాగూ అడుగుతారు. నన్ను అడిగేవి వేరే: ఇంట్లో చెబితే నమ్మరని, డాక్టర్‌కు చెబితే పిచ్చి అనుకుంటారని లోపలే పెట్టుకున్నవి. ఆ ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, కాబట్టి ఇది చదివి ఏ మందూ మొదలుపెట్టకండి, ఏ మందూ ఆపకండి. ఒంట్లో జరిగేదాన్ని దాచకుండా న్యూరాలజిస్టుకు చెప్పండి, నేను కోరేది అదొక్కటే.

అసలు ఎంఎస్ అంటే ఏంది అక్కా, పక్షవాతమేనా?

కాదు. పక్షవాతంలో మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోతుంది, లేదా చిట్లుతుంది. ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రక్తనాళాల తప్పేమీ లేదు. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే దారి తప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరం మీద దాడి చేస్తాయి. బోరు మోటార్ తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరం పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొర ఊడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది, ఒక్కోసారి పక్క పోగులోకి దూకుతుంది. ఈ జబ్బును 1868లో ఫ్రెంచ్ డాక్టర్ జాన్ మార్టిన్ షార్కో మొదటిసారి స్పష్టంగా వర్ణించారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటుకునే జబ్బు కాదు, ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదు.

దీని దగ్గరి చుట్టాలు ఇంకో రెండున్నాయి. ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అనేదొకటి, మాగ్ (MOG) యాంటీబాడీ జబ్బు అనేది ఇంకొకటి. పైకి ఎంఎస్ లాగే కనిపిస్తాయి కానీ వైద్యం వేరు. ఆ తేడా ప్రాణం మీదికి కూడా రావచ్చు, కింద వెక్కిళ్ల ప్రశ్నలో చెబుతాను.

ఒక్కొక్కరికి ఒక్కో లక్షణం ఎందుకు? మా చెల్లెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదంటున్నారు.

పొర ఎక్కడ ఊడిందన్న దాన్ని బట్టి లక్షణం ఉంటుంది. కంటి నరంలో ఊడితే చూపు, మెడ దగ్గర వెన్నుపాములో ఊడితే చేతులు కాళ్లు, చిన్నమెదడులో ఊడితే నడకలో తూలడం. పొర ఊడిన చోట పడే మచ్చ బియ్యపు గింజంతే ఉండి కూడా ముఖ్యమైన దారి మీద పడితే పెద్ద ఇబ్బంది పెడుతుంది, పెద్ద మచ్చ పడి కూడా ఏమీ తెలియకపోవచ్చు. అందుకే మీ చెల్లె చెప్పేలాంటిది ఇంతకుముందు ఎవరూ విని ఉండకపోయినా అది అబద్ధమని కాదు.

మెడ కిందికి వంచితే వెన్నులో నుంచి కాళ్ల దాకా కరెంట్ కొట్టినట్టు అవుతోంది. ఇదేంటి?

దీన్ని లెర్మిట్ లక్షణం అంటారు. అన్నం తినేటప్పుడు కంచంలోకి తల వంచినా, ఫోన్ చూస్తూ మెడ దించినా, బస్సు గుంతలో పడి మెడ ఊగినా జర్రున ఒక్క క్షణం వెన్ను వెంట దిగి పోతుంది. మెడ దగ్గర వెన్నుపాములో పొర ఊడిన పోగులు సాగినప్పుడు వాటంతట అవే సంకేతం పుట్టిస్తాయి, అదే ఈ షాక్. భయపెడుతుంది కానీ ఆ క్షణంలో నరం కొత్తగా తెగిపోవడం లాంటిదేమీ జరగదు.

ఇది ఎంఎస్‌లోనే వస్తుందని అనుకోకండి. బి12 విటమిన్ తక్కువైనా, మెడ డిస్క్ వెన్నుపామును నొక్కినా ఇలాగే ఉంటుంది. కాబట్టి మెడకు పట్టీ కట్టి, నూనె రాసి వదిలేయకుండా కారణం తేల్చుకోవాలి.

ఛాతీ చుట్టూ, పొట్ట చుట్టూ తాడుతో బిగించి కట్టినట్టుంది. ఈసీజీ తీస్తే బాగానే ఉందన్నారు, గ్యాస్ అన్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించుకోవడమే సరైన పని. ఎంఎస్ ఉన్నవాళ్లకు కూడా గుండె జబ్బు వస్తుంది, ఆ సంగతి మరవద్దు. గుండె, ఊపిరితిత్తులు, పిత్తాశయం బాగున్నాయని తేలాక కూడా ఆ బిగింపు రోజుల తరబడి ఉంటే, ముఖ్యంగా ఒక గీత గీసినట్టు ఫలానా చోటు నుంచి కిందంతా మొద్దుబారితే, అది వెన్నుపాము నుంచి వస్తున్నట్టు అనుమానించాలి. ఇంగ్లీషులో దీనికి ఎంఎస్ హగ్ అని ముద్దు పేరు పెట్టారు, పడే వాళ్లకు మాత్రం అందులో ముద్దేమీ కనిపించదు. జాకెట్టు, లంగా బొందె వదులు చేసినా తగ్గదు. కొందరికి గంట, కొందరికి వారాలు. నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మందులతో చాలామందికి తేలికవుతుంది. ఆ మాట డాక్టర్ నోటి నుంచే రావాలి, మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

కాలు మీద నీళ్లు కారినట్టు ఉంటుంది, తడిమితే పొడిగానే ఉంటుంది. నిజంగా జరుగుతోందా, నా మనసేనా?

నిజంగానే జరుగుతోంది. తడి, చల్లదనం, చీమలు పాకడం, దద్దుర్లేమీ లేకుండానే ఉన్నట్టుండి భరించలేని దురద, ఇవన్నీ చర్మంలో కాకుండా నరం దారిలో పుట్టే అనుభూతులు. దురదకు చర్మం డాక్టర్ దగ్గర లేపనాలు ఎన్ని రాసినా తగ్గకపోవడానికి కారణం అదే.

ఇంతకంటే నేను గట్టిగా చెప్పాల్సింది దీనికి రెండో వైపు. లేనిది ఉన్నట్టు తెలియడం కంటే ఉన్నది తెలియకపోవడం ప్రమాదం. కొందరికి ఒక కాలికి వేడి తెలియదు. పొయ్యి మీద కాగిన నీళ్లు ఆ కాలి మీద పోసుకుని బొబ్బలు లేచాక చూసుకుంటారు. నీళ్ల వేడి ఎప్పుడూ బాగున్న చేత్తోనే చూడండి. పొలంలో చెప్పులు లేకుండా తిరగకండి, రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోండి, ముల్లు దిగినా తెలియని వాళ్లున్నారు.

చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక నాలుగు అడుగులు వేసి, ఎవరో చెబితే వెనక్కి వచ్చి తొడుక్కోవడం ఇంకో గుర్తు. ముఖానికి సబ్బు పెట్టి కళ్లు మూసుకోగానే తూలి గోడ పట్టుకోవడం కూడా. కాళ్లు ఎక్కడున్నాయన్న కబురు మెదడుకు సరిగ్గా అందనప్పుడు కళ్లే ఆ పని చేస్తుంటాయి. కళ్లు మూస్తే ఆ ఆసరా పోతుంది. చీకట్లో బాత్రూమ్‌కు పోయేటప్పుడు పడేది ఇందుకే. లైటు వేసి పోండి, బాత్రూమ్‌లో గోడకు ఒక రాడ్ కొట్టించుకోండి. చేతికి కూడా ఇలాగే అవుతుంది: బలం ఉంటుంది, పిడికిలి బిగుస్తుంది, కానీ చూడకుండా గుండీ పెట్టుకోలేరు, సంచిలో చెయ్యి పెట్టి తాళం చెవి వెతకలేరు.

ఎండలో పోతే చూపు మసకవుతుంది, ఇంటికొచ్చి ఫ్యాన్ కింద కూర్చుంటే బాగైతుంది. నాటకమా అంటున్నారు.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో ప్రతి ఎండాకాలం వస్తుంది. 1890లో విల్హెల్మ్ ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ దీన్ని గమనించి రాశారు: శ్రమ చేశాక రోగుల చూపు తగ్గుతోంది, విశ్రాంతి తీసుకుంటే తిరిగి వస్తోంది. కారణం ఒంటి వేడి అని తర్వాత తేలింది. పొర ఊడిన నరం ఎలాగో నెట్టుకొస్తుంటుంది. ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా చాలు, ఆ సంకేతం అక్కడే ఆగిపోతుంది. చల్లబడగానే మళ్లీ పోతుంది. ఎంఆర్ఐలు లేని కాలంలో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయా అని చూసి ఈ జబ్బును గుర్తుపట్టేవారు. ఇప్పుడు ఎవరూ అలా చేయరు, మీరూ చేయకండి.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. అదే సమయంలో యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి ఆరబెట్టే పని, ఉపాధి హామీ పని. పొద్దున చకచకా నడిచిన మనిషి పదకొండింటికల్లా కాలు ఈడుస్తూ వస్తే చూసేవాళ్లకు వేషమనిపిస్తుంది. వేషం కాదు, నరం అంతే. అప్పటికప్పుడు కొత్త దెబ్బ కూడా తగలలేదు, కాబట్టి అది చూసి భయపడి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు పరుగెత్తాల్సిన పని లేదు.

ఏం చేయొచ్చంటే, బయటి పని తెల్లవారుజామున ముగించుకోండి. బయటికి పోయే ముందే చన్నీళ్లు పోసుకుంటే మరికొంత సేపు తట్టుకుంటారు. తడి తువ్వాలు మెడకు, మణికట్లకు చుట్టుకోండి. మాటిమాటికి మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు కొందరు, దాంతో ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది. జ్వరమొస్తే మామూలుకంటే ఎక్కువ నీరసపడతారు, లేవలేకపోతారు కూడా, కాబట్టి జ్వరాన్ని తొందరగా దించండి. ఇంకో మాట, ఎండలో మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిని తడుపుతూ 108కి ఫోన్ చేయండి.

మా వదిన చావు ఇంట్లో పగలబడి నవ్వింది. అందరూ గాలి సోకిందంటున్నారు.

పాపం ఆమె ఎంత నలిగిపోయి ఉంటుందో. ఆ నవ్వు లోపల సంతోషం ఉండదు. నవ్వును, ఏడుపును అదుపులో పెట్టే దారులు మెదడులో దెబ్బతింటే ముఖం ఒకటి చేస్తుంది, మనసు ఇంకొకటి అనుకుంటుంది. చిన్న విషయానికి వెక్కి వెక్కి ఏడుపు, ఏ కారణం లేకుండా ఆగని నవ్వు, కొన్ని నిమిషాలకు దానంతట అదే ఆగడం. సూడోబల్బార్ ఎఫెక్ట్ అని దీనికి పేరు. పక్షవాతం వచ్చినవాళ్లలో, తలకు దెబ్బ తగిలినవాళ్లలో కూడా ఇది ఉంటుంది. డిప్రెషన్ వేరు, ఇది వేరు, ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు కాబట్టి డాక్టర్ రెండింటి గురించీ అడిగి తెలుసుకోవాలి. తక్కువ మోతాదు డిప్రెషన్ మందులు దీనికి బాగా పనిచేస్తాయి.

దర్గాకు తీసుకుపోతాం, గుట్టకు తీసుకుపోతాం అంటే నేను వద్దనను. మనసుకు ధైర్యం కావాలి, అక్కడ దొరికితే మంచిదే. కానీ ఆ తిరుగుడులో నెలలు పోనివ్వకండి, కొట్టడం, పొగ పెట్టడం, తిండి మాన్పించడం లాంటివి అస్సలు చేయనివ్వకండి. పదిమందిలో ఉండగా అలా వస్తే పక్కనున్నవాళ్లు చేయగలిగింది చిన్నదే: మందలించకుండా, తేరిపార చూడకుండా, నెమ్మదిగా పక్కకు తీసుకుపోవడం. "ఇది జబ్బు వల్ల వస్తుంది" అని ఇంటి పెద్ద ఒకరు ఒక్కసారి నలుగురిలో చెబితే ఆమెకు సగం బరువు దిగిపోతుంది.

రోజుల తరబడి వెక్కిళ్లు, వాంతులు. ఎండోస్కోపీలో ఏమీ లేదు. దీనికి నరాలకు సంబంధమేంటి?

చాలా సంబంధం ఉంది, ఇది మాత్రం ఆగి చదవండి. మెదడు కింది భాగంలో వాంతిని నడిపించే చిన్న చోటు ఒకటుంది. ఎన్ఎంఓ జబ్బు ఆ చోటు మీద దాడి చేసినప్పుడు వెక్కిళ్లు, వికారం, వాంతులు రోజుల నుంచి వారాల దాకా ఆగవు. కడుపు డాక్టర్ దగ్గర అన్ని పరీక్షలూ మామూలుగా వస్తాయి. ఒక్కోసారి వాటంతట అవే తగ్గిపోతాయి, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో రెండు కాళ్లు పడిపోవడం, ఒక్కసారిగా చూపు పోవడం జరగొచ్చు. ఆ వెక్కిళ్ల దగ్గరే పట్టుకుంటే ఆ దెబ్బ చాలావరకు తప్పించొచ్చు.

ఎన్ఎంఓలో దాడి మొదట మైలిన్ మీద కాదు. నరాల పక్కన ఉండే ఆస్ట్రోసైట్ కణాల మీది ఆక్వాపోరిన్-4 అనే నీటి ద్వారం మీద జరుగుతుంది. పొర దెబ్బతినడం ఆ తర్వాతి సంగతి. ఈ జబ్బును గుర్తుపట్టే యాంటీబాడీని 2004లో కనుక్కున్నారు, ఇప్పుడు అది మామూలు రక్తపరీక్షే, హైదరాబాద్ ల్యాబులు చేస్తాయి. ఈ పరీక్ష ఎందుకంత ముఖ్యమంటే, ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ ఎన్ఎంఓ ఉన్నవాళ్లకు ఇస్తే జబ్బు ముదురుతుంది. కాబట్టి ఎంఎస్ అని చెప్పి మందు రాసేముందు "ఆక్వాపోరిన్, మాగ్ పరీక్షలు చూశారా సార్" అని మర్యాదగా అడగండి. అందులో తప్పేమీ లేదు.

కంటికి సంబంధించి ఏవి వింతగా అనిపిస్తాయి?

కన్ను కదిపితే లోపల నొప్పి, కొన్ని రోజుల్లో మసక, ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది రంగుల సంగతి. ఒక కన్ను మూసి ఎర్రటి వస్తువు చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. ఒక కంటికి అది వెలిసిపోయినట్టు కనిపిస్తే కంటి నరం మీద అనుమానం పెట్టుకోవచ్చు. అక్షరాల బోర్డు మొత్తం చదివేసినా ఈ తేడా ఉండగలదు. అద్దాలు మార్చి మార్చి విసిగిపోయిన వాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఒక కంటి నరం నుంచి సంకేతం ఆలస్యంగా వస్తే అడ్డంగా పోయే వస్తువు దూరం తప్పుగా తెలుస్తుంది. దీన్ని పుల్‌ఫ్రిచ్ ప్రభావం అంటారు. సాగర్ రోడ్డు దాటేటప్పుడు లారీ దూరంగానే ఉందనుకోవడం, క్రికెట్ బంతి ఎటు వస్తుందో అందకపోవడం. ఇలా ఉన్నవాళ్లు బండి నడపడం గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. పక్కకు చూసినప్పుడు మాత్రమే రెండుగా కనిపించడం, చీకట్లో కళ్లు తిప్పితే మెరుపులు కనిపించడం కూడా ఇందులో భాగమే.

దవడలో కత్తితో పొడిచినట్టు నొప్పి. పళ్లు పీకించినా తగ్గలేదు.

ముఖం నరం నొప్పి అది, ట్రైజెమినల్ న్యూరాల్జియా. గాలి తగిలినా, పళ్లు తోముకున్నా, అన్నం నమిలినా క్షణాల పాటు భయంకరంగా వస్తుంది. పెద్ద వయసులో వేరే కారణంతో వస్తుంది, కానీ 40 లోపు వాళ్లకు వచ్చినా, రెండు వైపులా వచ్చినా మెదడు ఎంఆర్ఐ చూడాలి. బాగున్న పన్ను పీకించుకోకండి. కార్బమజెపిన్ మందు దీనికి చాలామందిలో పనిచేస్తుంది.

చెయ్యి మెలితిరిగి బిగుసుకుపోతుంది, అర నిమిషంలో వదులుతుంది. రోజుకు పదిసార్లు. ఫిట్సా?

చాలాసార్లు కాదు. స్పృహ బాగానే ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటారు, చెయ్యో కాలో మాత్రం నొప్పితో బిగుసుకుంటుంది. వీటిని టానిక్ స్పాజమ్స్ అంటారు, ఎన్ఎంఓలో ఇంకా ఎక్కువ. ఇలాగే కొందరికి కొన్ని క్షణాల పాటు మాట ముద్దగా వచ్చి మళ్లీ బాగైపోతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు అది రాదు. నిజమైన ఫిట్స్ కూడా ఎంఎస్‌లో కొద్దిమందికి వస్తాయి, తేడా తేల్చాల్సింది డాక్టరే.

మూత్రం సంగతి, భార్యాభర్తల సంగతి చెప్పుకోలేకపోతున్నా.

చెప్పండి. మూత్రం ఆపుకోలేకపోవడం, వచ్చినట్టుండి రాకపోవడం, మలబద్ధకం, కలయికలో స్పర్శ తెలియకపోవడం, మగవాళ్లలో పటుత్వం తగ్గడం, ఇవన్నీ వెన్నుపాము నుంచి వచ్చేవే, చాలావాటికి వైద్యం ఉంది. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. మా ఊళ్లల్లో పెళ్లికి, జాతరకు పోవడం మానేసిన ఆడవాళ్లున్నారు, కారణం నడవలేక కాదు, అక్కడ మూత్రానికి చోటు దొరకదని. ఆ సంగతి ఇంటాయనకు కూడా తెలియదు.

పొద్దున లేచేసరికే అలసట. అత్తమ్మ బద్ధకమంటోంది.

ఎంఎస్ అలసట నిద్రపోతే తీరేది కాదు. ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇది ఉంటుంది, పైకి కనిపించదు కాబట్టి ఎవరూ నమ్మరు. దీనితోపాటు మాట వెతుక్కోవడం, పొయ్యి మీద పెట్టింది మరిచిపోవడం, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అర్థం కాకపోవడం ఉండొచ్చు. రక్తం తక్కువ, థైరాయిడ్, సరిగ్గా నిద్రలేకపోవడం, డిప్రెషన్ ఉన్నాయేమో ముందు చూపించుకోండి, అవి నయం చేయగలిగినవి. అత్తమ్మను ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకుపోండి. కోడలు చెబితే వినని మాట డాక్టర్ చెబితే వింటారు.

ఇవన్నీ నాకు కూడా ఉన్నట్టే అనిపిస్తోంది. నాకూ ఎంఎస్ ఉందా?

కంగారు పడకండి. తిమ్మిరి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎంఎస్ ఉండదు, చాలామందికి ఉండదు. మన దగ్గర ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ వల్ల వెన్ను ఎముకలు, వాటి మధ్య బంధనాలు గట్టిపడి, పెరిగి వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు బిగుసుకుపోతాయి, మెడ తిరగదు, చేతులు మొద్దుబారతాయి. ఇది ఎముక నొక్కుడు, రోగనిరోధక దాడి కాదు, ఎక్స్‌రేలోనే చాలావరకు తెలిసిపోతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా అప్పటికే ఒంట్లో చేరింది అంత తొందరగా పోదు. ఫ్లోరోసిస్ ఉన్న ఊరి మనిషి కాబట్టి ప్రతి నొప్పినీ దాని ఖాతాలో వేయడం కూడా సరికాదు. పాతికేళ్ల అమ్మాయికి ఒక కన్ను మసకబారితే అది ఫ్లోరైడ్ పని కాదు.

బి12 లోపం వెన్నుపామును అచ్చం ఇలాగే దెబ్బతీస్తుంది. పాలు, మాంసం, గుడ్లు తక్కువ తినేవాళ్లు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు మాత్రలు ఏళ్లుగా వాడేవాళ్లు తప్పక చూపించుకోండి. తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకుంటారు. వెన్నెముక టీబీ, మెడ డిస్క్, షుగర్ తిమ్మిర్లు, థైరాయిడ్ ఇవి కూడా వరుసలో ఉంటాయి. పాలమూరు వైపు ఇంకోటుంది, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు. దానికి అలవాటుపడి ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు వస్తాయి. డాక్టర్ అడిగితే కల్లు సంగతి దాచకండి, వైద్యం పూర్తిగా మారిపోతుంది.

ఎక్కడ చూపించుకోవాలి? ఏ పరీక్షలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ డాక్టర్‌కు మొదట చూపించి, అక్కడి నుంచి చీటీ రాయించుకుని హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీలో న్యూరాలజీకి పోవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే వెంట పెట్టుకోండి, ఆరోగ్యమిత్రను అడగండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూదులు వేయించుకుని అప్పటికి తగ్గింది కదా అని ఊరుకోవద్దు. తగ్గడం వల్లే అసలు జబ్బు దాగిపోతుంది.

పరీక్షల్లో ముఖ్యమైనది మెదడు, వెన్నుపాము ఎంఆర్ఐ. తర్వాత రక్తంలో యాంటీబాడీలు, కంటి నరం వేగం చూసే వీఈపీ, నడుము దగ్గర నీళ్లు తీసే పరీక్ష. నడుములో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయని మన దగ్గర గట్టి నమ్మకం. సూది పెట్టేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద, దాని వల్ల కాళ్లు పడిపోవు. కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆ నీళ్లలో ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ అనే ప్రొటీన్ గీతలు కనిపిస్తే ఎంఎస్ అని తేల్చడానికి బలం చేకూరుతుంది.

డాక్టర్ దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. కాబట్టి ఒక కాగితం మీద ఏ లక్షణం ఏ నెలలో మొదలైంది, ఎన్నాళ్లుంది, పూర్తిగా తగ్గిందా అని రాసుకుని పోండి. అయిదేళ్ల కింద పది రోజులు కన్ను మసకబారి బాగైన సంగతి కూడా రాయండి. వేర్వేరు కాలాల్లో, నరాల వ్యవస్థలో వేర్వేరు చోట్ల దెబ్బ తగిలిందని చూపించడమే ఈ జబ్బును తేల్చే పద్ధతి, ఆ పాత పది రోజులే కీలకం కావచ్చు.

కొత్త దాడి వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఎప్పుడు పరుగెత్తాలి?

కొత్త లక్షణమో, పాతది బాగా ఎక్కువవడమో 24 గంటలు దాటి ఆగకుండా ఉంటే, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకపోతే, దాన్ని రిలాప్స్ అంటారు. ముందు మూత్ర పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పాత లక్షణాలన్నిటినీ లేపుతుంది. నిజమైన దాడి అయితే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరంలోకి ఎక్కిస్తారు. దానికి లొంగకపోతే ప్లాస్మా మార్పిడి.

చూపు ఒకటి రెండు రోజుల్లో పడిపోతున్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా అదే రోజు పోవాలి. మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా, నిమిషాల్లో మూతి వంకరపోయి ఒక వైపు చెయ్యి కాలు పడిపోయినా 108. ఈ చివరిది పక్షవాతం కావచ్చు, అక్కడ ప్రతి గంటా విలువైనదే.

పూర్తిగా నయమవుతుందా? నాటుమందు వాడొచ్చా?

పూర్తిగా నయం చేసే మందు లేదు. దాడులు తగ్గించే మందులు మాత్రం గట్టివే ఉన్నాయి, తొందరగా మొదలుపెడితే లాభం ఎక్కువ. మన దేశంలో ఖర్చు చూసి రిటుక్సిమాబ్ ఎక్కువగా వాడుతున్నారు, అది ఇచ్చేముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు. బాగున్నాను కదా అని మందు ఆపేయడమే ఎక్కువమందిని ముంచుతోంది. ఆ మందు పని బాగుచేయడం కాదు, వచ్చే దాడిని ఆపడం. ఏ ఆకు పసరో, పొడో వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు, కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి.

నేనేం పాపం చేశానని నాకు వచ్చింది?

ఏ పాపమూ లేదు. 2022లో కోటిమందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు, దాచిన రక్తం నమూనాలు చూసి చేసిన పరిశోధనలో, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకిన తర్వాత ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుందని తేలింది. ఆ వైరస్ దాదాపు పెద్దవాళ్లందరిలో ఉంటుంది, జబ్బు మాత్రం కొద్దిమందికే వస్తుంది. అంటే జన్యువులు, డి విటమిన్ తక్కువ కావడం, పొగతాగడం లాంటివి కూడా కలవాలి. మీ నడవడికకు, మీ జాతకానికి దీనితో సంబంధం లేదు.

పెళ్లి చేయొచ్చా? పిల్లలు పుడతారా?

చేయొచ్చు, పుడతారు. తల్లికి ఎంఎస్ ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. గర్భంతో ఉన్న చివరి మూడు నెలల్లో దాడులు తగ్గుతాయి, కాన్పు తర్వాతి మూడు నెలల్లో పెరుగుతాయి. అందుకే పుట్టింట్లో ఉన్నప్పుడు కూడా న్యూరాలజిస్టుతో మాటలు తెగిపోకూడదు. కొన్ని మందులు, ముఖ్యంగా టెరిఫ్లునోమైడ్, ఫింగోలిమోడ్, గర్భం అనుకోకముందే ఆపాలి. ఎన్ఎంఓ ఉన్నవాళ్లకు గర్భంలో కూడా ప్రమాదం తగ్గదు, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అవతలివాళ్లకు జబ్బు సంగతి చెప్పకుండా పెళ్లి చేయకండి. తెలిసి చేసుకున్న మనిషి తోడుంటాడు, తర్వాత తెలిస్తే మందులు కూడా దాచి వేసుకోవాల్సి వస్తుంది.

వికలాంగుల సర్టిఫికెట్ (సదరం) వస్తుందా? క్యాంపుకు పోయిన రోజు బాగానే నడిచానని పంపించేశారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఈ జబ్బు రోజుకో తీరు. చల్లటి గదిలో పది అడుగులు నడిపించి చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఒట్టి చేతులతో పోకండి. ఎంఆర్ఐ రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు, చూపు పరీక్ష, వీఈపీ పట్టుకెళ్లండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ న్యూరాలజిస్టు రాసిన ఉత్తరం. ఎంత దూరం నడిస్తే ఆగాల్సి వస్తుంది, ఎండలో ఏమవుతుంది, మూత్రం అదుపు ఎలా ఉంది అనేవి అందులో రాయమని అడగండి. ఒకసారి తిప్పి పంపినా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.